కడుపులో బిడ్డ కదలికలు తగ్గినట్టుందా..? తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.. ఎందుకంటే!

ఎనిమిదో నెల నడుస్తోంది. రోజూ రాత్రి అన్నం తిని పక్క మీద వాలగానే టపటపా తన్నే బిడ్డ.. ఆ రోజు మాత్రం చప్పుడు లేదు. మధ్యాహ్నం కదిలిందా అంటే పనిలో పడి గుర్తులేదు. ఇంట్లో చెబితే "చల్లటి నీళ్లు తాగి పడుకో, పొద్దున్నకి అదే కదులుతుందిలే" అంటారు. తెలుగు ఇళ్లలో చాలామంది గర్భిణులకు ఇలాంటి రాత్రి ఒక్కటైనా ఎదురవుతుంది. ఎక్కువసార్లు బిడ్డ క్షేమంగానే ఉంటుంది. కానీ కొందరి విషయంలో ఆ కొన్ని గంటలే కీలకం అవుతాయి. అందుకే కదలికల్లో తేడా అనిపిస్తే అసలేం చేయాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అనేది ముందే తెలిసి ఉండాలి.

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. కదలికలు ఒకసారి తగ్గినట్టు అనిపించిన వాళ్లలో సుమారు 70 శాతం మందికి ఏ ఇబ్బందీ లేకుండానే నెలలు గడిచిపోతాయి. ఇది ధైర్యం ఇచ్చే మాట. రెండోది.. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో సుమారు 55 శాతం మంది, ఆ విషయం బయటపడక ముందే కదలికలు తగ్గినట్టు గమనించారు. అంటే సగానికి పైగా తల్లులకు బిడ్డ ముందే ఏదో ఒక సంకేతం ఇచ్చింది. ఈ రెండింట్లో తాను ఏ వైపు ఉందో ఇంట్లో మంచం మీద పడుకుని ఎవరికీ తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అసలు కదలికలు ఎప్పుడు మొదలవుతాయి?

స్కాన్‌లో అయితే 7, 8 వారాలకే బిడ్డ కదలడం కనిపిస్తుంది. తల్లికి తెలిసేది మాత్రం సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య. రెండో కాన్పు వాళ్లు ఇంకాస్త ముందే, 16వ వారంలోనే పోల్చుకోగలరు. మొదట్లో తన్నినట్టు ఏమీ ఉండదు. కడుపులో బుడగలు పేలినట్టో, రెక్కలు అల్లాడినట్టో ఉంటుంది. చాలామంది గ్యాస్ అనుకుని వదిలేస్తారు కూడా. మాయ గర్భసంచికి ముందువైపు అతుక్కుని ఉంటే, 28 వారాల దాకా కదలికలు మెత్తగా, లీలగానే తెలుస్తాయి. ఐదో నెల స్కాన్ రిపోర్టులో 'యాంటీరియర్ ప్లాసెంటా' అని రాసేది దీని గురించే. అది జబ్బు కాదు. ఇక 24 వారాలు నిండినా ఒక్కసారి కూడా కదలిక తెలియకపోతే డాక్టర్‌కు చెప్పి తీరాలి.

ఆ తర్వాత కదలికలు పెరుగుతూ 32 వారాల వరకు వెళ్తాయి. అక్కడి నుంచి ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా తప్పుదారి పట్టించే మాట ఇక్కడే వస్తుంది. "నెలలు నిండాయి కదా, లోపల జాగా సరిపోక కదలడం తగ్గుతుంది" అంటుంటారు పెద్దవాళ్లు. ఊళ్లో పక్కన కూర్చున్న కోడలికే కాదు, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న కూతురికి వీడియో కాల్‌లో చెప్పేదీ ఇదే మాట. ఇందులో సగమే నిజం. తన్నడం బదులు దొర్లినట్టు, మోచేత్తో నెట్టినట్టు అనిపించొచ్చు.. అంటే కదిలే తీరు మారుతుంది. ఎన్నిసార్లు కదులుతుందనేది మాత్రం తగ్గకూడదు. పురుటి నొప్పులు వచ్చే దాకా, నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. తొమ్మిదో నెలలో బిడ్డ 'సర్దుకుంది' అనే మాటను నమ్మి ఆగిపోవడం ప్రమాదం.

భయపడక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి

కడుపులో బిడ్డ కూడా నిద్రపోతుంది. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు. 90 నిమిషాలు దాటడం అరుదు. ఆ సమయంలో కదలికలు ఉండవు. మధ్యాహ్నాలు, సాయంత్రాలు ఎక్కువ కదిలే బిడ్డలే ఎక్కువ. తల్లి నడుస్తూ, వంట చేస్తూ, ఆఫీసులో మీటింగ్‌లో ఉంటే లోపల కదిలినా పట్టించుకోదు. రాత్రి పడుకున్నాకే అన్నీ తెలుస్తాయి. ఎక్కిళ్లు వచ్చినట్టు లయగా టిక్ టిక్ మంటే అది కదలిక లెక్కలోకి రాదు.. కంగారు పడాల్సిన పనీ లేదు. నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం ఉందని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే ఒకట్రెండు రోజులు కదలికలు తగ్గొచ్చు. అయినా సరే, తగ్గాయని ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టర్‌కు చెప్పాలి. కుడివైపు తంతే ఆడపిల్ల, ఎడమవైపు తంతే మగపిల్లాడు అన్న కబుర్లు మాత్రం పొద్దుపోని మాటలే.

మరి భయపడాల్సింది ఎప్పుడు? బిడ్డకు ఆక్సిజన్, ఆహారం అందించేది మాయ. అది సరిగ్గా పనిచేయకపోతే బిడ్డకు అందేది తగ్గుతుంది. అప్పుడు బిడ్డ ఉన్నదాన్ని గుండెకూ మెదడుకూ దాచుకుని, ముందుగా కాళ్లూ చేతులూ ఆడించడం మానుకుంటుంది. ఇంట్లో డబ్బు తక్కువైనప్పుడు ముందు షికార్లు మానేసి బియ్యం కొనుక్కున్నట్టే ఇది. గుండె చప్పుడులో తేడా రాకముందే కదలికల్లో తేడా రావొచ్చు. బిడ్డను కాపాడటానికి దొరికే సమయం ఆ మధ్యలోనే ఉంటుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఉమ్మనీరు తక్కువగా ఉందని, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు, డెలివరీ తేదీ దాటినవాళ్లు, ఇంతకుముందు కడుపులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఇంకాస్త తొందరగా కదలాలి.

లెక్కపెట్టాలా.. వద్దా?

మన దగ్గర చాలామంది డాక్టర్లు ఏడో నెల నుంచి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గంట చొప్పున కదలికలు లెక్కపెట్టమంటారు. మూడు గంటల లెక్కను నాలుగుతో గుణిస్తే 12 గంటల అంచనా వస్తుంది. అది 10 కంటే తగ్గినా, గంటకు 3 కంటే తగ్గినా ఆసుపత్రికి రమ్మంటారు. విదేశాల్లో ఎక్కువగా వినిపించేది.. ఎడమవైపు తిరిగి పడుకుని రెండు గంటల్లో 10 కదలికలు వస్తున్నాయో లేదో చూడటం.

అయితే లెక్క ఒక్కటే బిడ్డల్ని కాపాడేస్తుందని పరిశోధనలు చెప్పడం లేదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలపై చేసిన 'అఫర్మ్' అధ్యయనం 2018లో లాన్సెట్‌లో వచ్చింది. కదలికలపై తల్లులకు అవగాహన కల్పించి, తగ్గాయంటే ఒకే పద్ధతిలో పరీక్షలు చేశారు. కడుపులో బిడ్డ చనిపోయే కేసులు వెయ్యికి 4.40 నుంచి 4.06కి వచ్చాయి కానీ, ఆ తేడా కచ్చితంగా దీనివల్లే అని చెప్పేంత లేదు. మరోపక్క నొప్పులు తెప్పించడాలు, సిజేరియన్లు పెరిగాయి. అందుకే రోజంతా గడియారం ముందు పెట్టుకుని కూర్చోమని అందరికీ చెప్పడం సరికాదు. అలా కూర్చుంటే బెంగ పెరగడం తప్ప ఒరిగేదేం లేదని చాలామంది తల్లులకు అనుభవమే.

డాక్టర్ లెక్కపెట్టమంటే లెక్కపెట్టాలి. చెప్పకపోయినా, తన బిడ్డ రోజూ ఎలా కదులుతుందో తల్లికి తెలిసి ఉండాలి. పక్కింటామె బిడ్డ గంటకు 20 సార్లు తన్నిందా అన్నది అనవసరం. నిన్నటి వరకు ఉన్న తీరుకు, ఈ రోజుకు తేడా ఉందా అన్నదే లెక్క. యాప్‌లో 10 వచ్చాయి కదా అని ఊరుకోకూడదు.. రోజూ అరగంటలో 10 వచ్చే బిడ్డకు ఈ రోజు రెండు గంటలు పట్టిందంటే అదీ తేడానే. అలాగే ఒక్కసారిగా ఎన్నడూ లేనంత విపరీతంగా కొట్టుకున్నట్టు కదిలి, ఆ తర్వాత సద్దుమణిగితే కూడా డాక్టర్‌కు చెప్పాలి.

ఆ రాత్రి ఏం చేయాలి?

28 వారాలు దాటాక అనుమానం వస్తే పని ఆపి, ఎడమవైపు తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టి కడుపు మీదే ధ్యాస పెట్టాలి. రెండు గంటల్లో 10 కదలికలు తెలియకపోతే బయల్దేరాల్సిందే. పూర్తిగా కదలికలే లేవనిపిస్తే ఆ రెండు గంటలు కూడా ఆగొద్దు. చల్లటి నీళ్లు, జ్యూస్, స్వీటు.. ఇవి పరీక్షలు కావు. తాగితే తాగొచ్చు గానీ, వాటి కోసం ఆగకూడదు. దిష్టి తీయించుకున్నా ఫర్వాలేదు.. ముందు కారు ఎక్కాక!

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డాప్లర్ మెషీన్లు కొని ఇంట్లో గుండె చప్పుడు వినడం ఇప్పుడు మామూలైపోయింది. వీటితో ప్రమాదం ఏంటంటే.. వినిపించేది తల్లి నాడి కావొచ్చు, మాయలో రక్తం పారే శబ్దమూ కావొచ్చు. ఒకవేళ బిడ్డదే అయినా, గుండె కొట్టుకుంటోందని తెలుస్తుంది తప్ప బిడ్డ బాగుందని కాదు. ఆ చప్పుడు విని ఊరట పడి ఇంట్లోనే ఉండిపోవడమే అసలు నష్టం.

పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. మంచి కార్యక్రమమే. కానీ "9వ తేదీ ఎలాగూ వెళ్తాం కదా, అప్పుడు అడుగుదాం" అని కదలికల విషయం దాచుకోవడం మంచిది కాదు. ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో వెంటనే ఫోన్ చేయాలి, బండి లేకపోతే 108కి చెప్పాలి. పీహెచ్‌సీలో బిడ్డ గుండె చప్పుడు విని, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు, మందులు, కాన్పు, సిజేరియన్ కూడా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం.

ఆసుపత్రిలో ముందు గుండె చప్పుడు వింటారు. తర్వాత ఎన్‌ఎస్‌టీ.. కడుపు చుట్టూ రెండు బెల్టులు కట్టి, 20 నిమిషాలకు తక్కువ కాకుండా బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీయిస్తారు. బిడ్డ నిద్రలో ఉంటే ఇంకో 20 నిమిషాలు పట్టొచ్చు. నొప్పి ఉండదు. అనుమానం తీరకపోతే స్కాన్ చేసి ఎదుగుదల, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తప్రసరణ చూస్తారు. అన్నీ బాగుంటే ఇంటికి పంపేస్తారు.

అలా పంపించాక నాలుగు రోజులకే మళ్లీ తగ్గితే? చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "మొన్నేగా వచ్చావు" అంటారేమోనని మొహమాటం, ఖర్చు అవుతుందని భయం, అత్తగారు ఏమనుకుంటారోనని సంకోచం. నిజానికి మళ్లీ మళ్లీ కదలికలు తగ్గే గర్భాల్లోనే ముప్పు ఎక్కువ. మొన్నటి ఎన్‌ఎస్‌టీ మొన్నటి సంగతే చెప్తుంది.. ఇవాళ్టిది కాదు. రెండోసారైనా, మూడోసారైనా వెళ్లాలి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఫోన్‌లో గానీ, ఆసుపత్రిలో గానీ "ఏదోలా ఉంది" అని ఊరుకోకుండా విషయం సూటిగా చెప్పాలి. ఎన్నో వారం, రోజూ ఏ వేళల్లో కదిలేది, చివరిసారి గట్టిగా కదిలింది ఎప్పుడు, నొప్పి గానీ రక్తం గానీ నీరు గానీ పోతోందా, కొత్తగా ఏ మందులు వాడారు.. డ్యూటీలో ఉన్న డాక్టర్‌కు ఇవే కావాలి. మాతాశిశు సంరక్షణ కార్డు, పాత స్కాన్ రిపోర్టులు ఒకే కవర్‌లో పెట్టి తలుపు దగ్గరే ఉంచుకుంటే మేలు. అర్ధరాత్రి బిడ్డ ఎదుగుదలను పోల్చి చూడటానికి డాక్టర్‌కు అక్కరకొచ్చేవి అవే.