పెరటి గదికి వైఫై

రేడియో పెట్టెను ఇంటిలో ఏ మూల నుంచినను పాట వినబడునని మన శ్రోతలందరు ఎరుగుదురు. వంటయింటి గూటిలో నుంచినను వినబడును. మేడమీది గదిలో నుంచినను వినబడును. రేకుల షెడ్డులోనో, ట్యూబులైటు ప్రక్కనో కొంత గరగర రావచ్చును గాని, మీడియం వేవు తరంగము ఇంటి గోడను పెద్దగా లెక్కచేయదు. ఇన్నేండ్ల ఈ అలవాటు వలననే కాబోలు, వైఫై కూడ అట్లే ఇల్లంతయు నిండునని తలంతుము. అది పెరటి గదికి అందకపోయినపుడు ఒక ఎక్స్‌టెండరును కొనితెచ్చి, ఆ అందని చోటనే తగిలించుదుము. ఈ రెండవ పనియే పొరపాటు. మేమును చేసితిమి కనుక దానిని గూర్చి కొంత వివరముగా చెప్పదలచితిమి.

మా మిత్రుని యిల్లు విజయవాడ సత్యనారాయణపురములో నున్నది. పాత కాలపు ఇల్లు. వీధి వైపు అరుగు, తరువాత హాలు, నడవ, నడిమి గది, వంటయిల్లు, చిట్టచివర పెరటి గది. వీధి గుమ్మములో నిలుచుండి చూచినచో, తలుపులన్నియు ఒకే వరుసలో నుండి, పెరటిలోని తులసికోట కనబడును. గోడలు డంగుసున్నముతో కట్టినవి. అడుగున్నర మందమునకు తక్కువ లేవు. ఫైబరు తీగ వీధి స్తంభము నుండి వచ్చినది గనుక, తీగ వేయ వచ్చిన యువకుడు రౌటరును హాలులో టీవీ వెనుకనే బిగించి తన దారిన తాను పోయెను. అతని పని అంతటితో సరి.

మిత్రుని తల్లిగారు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు. తుంటియెముక విరిగి శస్త్రచికిత్స జరిగినది మొదలు ఆమె పెరటి గదిలోని మంచము విడిచి రాలేరు. చిన్న కుమారుడు డల్లాసులో నున్నాడు. ప్రతి సాయంకాలము ఏడున్నరకు, అనగా అక్కడి వేసవి లెక్కలో ఉదయము తొమ్మిది గంటలకు, అతడు కార్యాలయమునకు పోవుచు తల్లిని పలుకరించును. ఆ పావుగంట కొరకే ఆమె పగలంతయు ఎదురుచూచుచుండును. అయితే టాబ్లెటులో బొమ్మ రెండు మాటలకొకసారి బిగుసుకొని పోవుచుండెడిది. "వాడు నోరు తెరచినవాడు తెరచినట్లే నిలిచిపోయినాడు, నాయనా! ఏమి చెప్పబోయినాడో ఏమో" అని ఆమె మాతో అనినపుడు మాకు నవ్వు రాలేదు.

"మీరు రేడియోవారు గదా, తరంగముల సంగతి మీకు తెలియకపోవునా" అని మిత్రుడు పని మాకప్పగించెను. మైకు ముందు కూర్చుండి చదువువానికిని, ట్రాన్స్‌మిటరు చూచుకొను ఇంజనీరునకును గల భేదము బయటివారికి తెలియదు. మేమును గంభీరముగా తల యూపి, ఎక్స్‌టెండరును తీసికొనిపోయి అమ్మగారి తలవైపున ఉన్న ప్లగ్గుకు తగిలించితిమి. టాబ్లెటులో గీతలు నాలుగును నిండుగా వెలిగినవి. కాఫీ త్రాగి విజయగర్వముతో ఇంటికి వచ్చితిమి. ఆ సాయంకాలము పిలుపు మునుపటి కంటె అధ్వాన్నముగా నడచినదని రాత్రి మిత్రుడు ఫోను చేసి చెప్పెను.

కారణము తెలిసికొనుటకు తరంగము పొడవుతో మొదలు పెట్టవలెను. 1000 కిలోహెర్ట్జ్ మీద పలుకు మీడియం వేవు కేంద్రపు తరంగము పొడవు 300 మీటర్లు. అంతటి తరంగమునకు మన యిల్లు ఒక గులకరాయి వంటిది. పైగా అటువంటి కేంద్రపు శక్తిని కిలోవాట్లలో లెక్కింతురు. వైఫై నడచునది ముఖ్యముగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అను రెండు పట్టీలలో. మొదటిదాని తరంగము పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కంటె తక్కువ; రెండవదానిది ఆరు సెంటీమీటర్లు, బెత్తెడు లోపే. రౌటరు వెలువరించు శక్తియో, సాధారణముగా ఒక వాటులో పదవవంతు మాత్రమే. ఇంత పొట్టి తరంగము, ఇంత స్వల్పశక్తితో, అడుగున్నర గోడలో దూరి ఈవలికి వచ్చునప్పటికి చాలవరకు అరిగిపోవును. రెండు పట్టీలలోను 5 గిగాహెర్ట్జ్‌ది వేగము ఎక్కువ, గోడ దాటు సత్తువ తక్కువ. ఇనుప బీరువా, నిలువుటద్దము, రిఫ్రిజిరేటరు వంటివి దారిలో నున్నచో తరంగమును త్రిప్పికొట్టును. నీళ్ళ డ్రమ్ము మ్రింగివేయును. ఒకప్పుడు రేడియో పెట్టె వినుటకే తపాలా కార్యాలయములో లైసెన్సు తీసికొనవలసి యుండెను. 2005లో మన ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొన ననుమతించినది. నేడు ప్రతి యింటిలో ఒక చిన్న ప్రసారిణి యున్నను ఎవరును దానిని ప్రసారిణి యనుకొనరు.

ఇక ఎక్స్‌టెండరు సంగతి. అది క్రొత్తగా ఇంటర్నెట్టును పుట్టించు యంత్రము కాదు. రౌటరు చెప్పినది విని, మరల పలుకును. మీ ఫోను చెప్పినది విని, రౌటరునకు అందించును. మన భాషలో చెప్పవలెనన్న రిలే కేంద్రము. పూర్వము ఢిల్లీ నుండి షార్టు వేవు మీద వచ్చు వార్తలను ప్రాంతీయ కేంద్రములు పట్టుకొని తిరిగి ప్రసారము చేయుచుండెడివి. పట్టుకొను చోట తరంగము క్షీణించినచో, స్థానిక ట్రాన్స్‌మిటరు ఎంత శక్తిమంతమైనదైనను శ్రోతకు చేరునది గరగరయే. అందువలననే గ్రాహక కేంద్రమును పట్టణపు విద్యుత్తు రొదకు దూరముగా, బాగుగా వినబడు చోట నుంచెడివారని మా పెద్దలు చెప్పుచుండెడివారు. చెవి సరియైన చోట నుండవలెను. నోటి సంగతి తరువాత.

ఎక్స్‌టెండరు గరగరను తిరిగి పలుకదు, అదొక్కటియే భేదము. వైఫైలో సమాచారము చిన్నచిన్న పొట్లములుగా వచ్చును. పొట్లము క్షేమముగా చేరినట్లు రసీదు రానిచో రౌటరు దానిని మరల పంపును. అప్పటికిని చేరనిచో, చెవుడుగల పెద్దవారితో మాటలాడునట్లు, వేగము తగ్గించి పలుకును. కనుక తరంగము బలహీనమైన చోట ఎక్స్‌టెండరు నుంచినచో గరగర కాదు, ఆలస్యము కలుగును. డల్లాసులోని కుమారుని బొమ్మ బిగుసుకొనుట ఈ ఆలస్యము చేతనే.

అయితే ఆ నాలుగు గీతల మాట యేమి? ఇక్కడనే మేము మోసపోతిమి. ఫోనులోని గీతలు ఫోనునకును ఎక్స్‌టెండరునకును నడుమ గల బలమును మాత్రమే చూపును. ఎక్స్‌టెండరునకును రౌటరునకును నడుమ ఏమి జరుగుచున్నదో అవి చెప్పవు. మంచము ప్రక్కనే యున్న పెట్టెతో టాబ్లెటునకు చక్కని సంబంధము కలదు. ఆ పెట్టెకు హాలులోని రౌటరు మాట సరిగా వినబడుటయే లేదు. నిండు గీతలు చూచి సంతోషించువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

మరునాడు ఆదివారము. ఈసారి ఊహ మాని కొలత పట్టితిమి. సంకేతబలమును అంకెలలో చూపు ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోనులలో దొరకును. డీబీఎమ్ అను కొలతలో ఈ అంకెలు మైనసు గుర్తుతో నుండును. సున్నకు దగ్గరైన కొలది బలమెక్కువ. పది మెట్లు దిగిన శక్తి పదవవంతగును. ఎక్స్‌టెండరును తీసివేసి, ఫోను చేతబట్టి రౌటరు నుండి వెనుకకు నడచితిమి. హాలులో మైనస్ 42, నడవలో 54, నడిమి గది గుమ్మము వద్ద 62, అదే గదిలో ఇనుప బీరువా చాటున 73, పెరటి గదిలో 84. వీడియో మాటలకు మైనస్ 67కు దిగువ పోకుండ నున్న మంచిది. 80 దాటినచో ఆశ వదులుకొనవలెను. మేము ముందునాడు ఎక్స్‌టెండరు చెవిని 84లో నుంచి, వినుమని కూర్చుండబెట్టితిమి!

కావున దానికి తగిన స్థలము పెరటి గది కాదు, నడిమి గది గుమ్మము. అచ్చట రౌటరు మాట ఇంకను బాగుగా వినబడుచున్నది. అచ్చటి నుండి పెరటి గదికి మిగిలినది ఒక వంటయిల్లు మాత్రమే. తలుపులు ఒకే వరుసలో నుండుట మాకు కలిసివచ్చినది. తెరచిన గుమ్మములో తరంగమునకు గోడ యడ్డము లేదు. మూసినను చెక్క తలుపు డంగుసున్నపు గోడ వంటిది కాదు. పాత యిండ్లలో నున్నవారు ఈ వరుసను వాడుకొనవచ్చును. ఎక్స్‌టెండరును నేల దగ్గరి ప్లగ్గులో, సోఫా వెనుక దాచక, రొమ్మెత్తు ప్లగ్గులో నుంచుట మేలు.

అమరిక కష్టమైనది కాదు. మొదటి పరిచయము మాత్రము రౌటరు ఉన్న గదిలోనే చేయించవలెను. తరువాత స్థలము మార్చవచ్చును. రౌటరు మీద డబ్ల్యుపిఎస్ అను బొత్తాము ఉన్నచో, దానిని నొక్కి, రెండు నిమిషముల లోపల ఎక్స్‌టెండరు మీది బొత్తామును నొక్కిన చాలును; దీపము నిలుకడగా వెలుగును. రౌటరులో రక్షణను డబ్ల్యుపిఎ-3 మాత్రమేయని పెట్టియున్నచో ఈ బొత్తాము పనిచేయదు. అప్పుడు ఎక్స్‌టెండరు స్వయముగా ఒక తాత్కాలికమైన పేరుతో పలుకుచుండును. ఫోనును దానికి కలిపి, పెట్టె మీద ముద్రించిన చిరునామాను బ్రౌజరులో తెరచి, ఇంటి వైఫై పేరును ఎన్నుకొని, పాస్‌వర్డు ఇయ్యవలెను. ఆ తెరకు ప్రవేశమిచ్చు పాస్‌వర్డు ఫ్యాక్టరీ నుండి వచ్చినది. దానిని ఆనాడే మార్చుడు. మార్చిన దానిని కాగితము మీద వ్రాసి ఇంటిలో నుంచుడు. మరచిపోయిన పాస్‌వర్డు కొరకు మమ్ము పిలిచిన మిత్రులు ఇప్పటికే ముగ్గురు.

ఎక్స్‌టెండరునకు రౌటరు పేరే పెట్టవలెనా, వేరు పేరా? ఇల్లంతయు తిరుగుచు ఫోను వాడువారికి ఒకే పేరు సుఖము. కాని కొన్ని ఫోనులు పట్టిన పట్టు విడువవు; పెరటికి వచ్చినను హాలులోని రౌటరునే పట్టుకొని వ్రేలాడును. అమ్మగారి టాబ్లెటు పెరటి గది విడిచి పోదు. కనుక "పెరడు" అని వేరు పేరు పెట్టి, హాలు పేరును ఆ టాబ్లెటు మరచునట్లు చేసితిమి.

వేగము కొంత పోవును. తక్కువ ధరలో వచ్చు ఎక్స్‌టెండరు ఒకే పట్టీలో వినుటయు పలుకుటయు చేయవలెను గనుక, వినునపుడు పలుకలేదు, పలుకునపుడు వినలేదు. వేగము సగమునకు దిగును. రెండు పట్టీలు గలది ఒకదానితో రౌటరును విని, రెండవదానితో గదికి పలుకగలదు. మా మిత్రుని హాలులో 100 మెగాబిట్ల వేగము ఉండగా, పెరటి గదికి ఇరువదియైదు వరకు చేరుచున్నది. ఒక వీడియో పిలుపునకు రెండు మూడు మెగాబిట్లు చాలును. హాలులోనే వేగము లేని యింటికి మాత్రము ఎక్స్‌టెండరు ఏమియు చేయజాలదు. ముందు రౌటరు ప్రక్కన నిలుచుండి కొలిచి, అక్కడనే తక్కువైనచో తీగ ఇచ్చినవారిని అడుగవలెను. అట్లే రౌటరును టీవీ వెనుక నుండి తీసి నడవలోనికి మార్చిన చాలునేమో చూడుడు. దానికి ఖర్చు కొన్ని గజముల తీగ మాత్రమే. మిత్రుని యింటిలో ఆ మార్పునకు గోడ తొలువవలసి వచ్చినందున మానితిమి.

ఇల్లు క్రొత్తగా కట్టుకొనువారికి ఒక మాట. గోడలలో కరెంటు గొట్టములు వేయునపుడే వేరుగా ఒక గొట్టము వేయించి, క్యాట్-6 తీగను ప్రతి అంతస్తునకును లాగించుడు. ఆ తీగ నూరు మీటర్ల వరకు తరుగు లేకుండ సమాచారమును మోయును. దాని కొసను ఒక యాక్సెస్ పాయింటు పెట్టినచో ఏ ఎక్స్‌టెండరును దానికి సాటిరాదు. ఒక ఎక్స్‌టెండరు వెనుక మరియొకటి, దాని వెనుక ఇంకొకటి గొలుసుగా తగిలించువారిని చూచితిమి. అంచెకొక కోత పడుచు, మూడవ గది చేరుసరికి మిగులునది గీతలే.

రెండవ సాయంకాలము ఏడున్నరకు పిలుపు వచ్చెను. బొమ్మ నిలిచినది. తల్లియు కుమారుడును మాటలాడుచుండగా ఎనిమిదింటికి కరెంటు పోయెను. ఇన్వర్టరు మీద రౌటరు వెలుగుచునే యుండెను గాని, నడిమి గదిలోని ప్లగ్గు ఇన్వర్టరు లైనులో లేదని అప్పుడు తెలిసినది. మరునాడు ఎలక్ట్రీషియను వచ్చి ఆ ప్లగ్గును కూడ దానిలో కలిపెను. మనుమడు స్విచ్చి ఆర్పకుండ, అమ్మగారే చెప్పి దాని మీద కాగితము అంటింపించిరి: "దీనిని తాకరాదు. బాబాయి ఇందులో ఉన్నాడు."