ఖరీదైన హెడ్‌ఫోన్‌లో సౌండు ఎందుకు తగ్గుతుంది? అపోహలు – వాస్తవాలు

ఫోన్ పెట్టెలో ఉచితంగా వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. వాటికి ఎన్నో రెట్ల ధర పెట్టి కొన్న హెడ్‌ఫోన్‌ను అదే ఫోన్‌కు తగిలిస్తే, వాల్యూమ్ చివరిదాకా పెంచినా పాట పక్కింట్లో మోగుతున్నట్టే ఉంటుంది. ఇందుకు జనం చెప్పుకొనే కారణాలు చాలానే ఉన్నాయి. కొన్ని పూర్తిగా తప్పు, ఎక్కువభాగం సగం నిజం.

అపోహ: ధర ఎక్కువైతే సౌండూ ఎక్కువే రావాలి. రావడం లేదంటే హెడ్‌ఫోన్ నకిలీదో, పాడైపోయిందో అయి ఉండాలి.

వాస్తవం: సౌండు ఎంత వస్తుందో ముఖ్యంగా తేల్చేవి రెండు: ప్లేయర్ ఇచ్చే వోల్టేజీ, హెడ్‌ఫోన్ సెన్సిటివిటీ. ఒక వోల్టు (లేదా ఒక మిల్లీవాట్) అందితే హెడ్‌ఫోన్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెప్పే అంకెనే సెన్సిటివిటీ అంటారు. ఈ లెక్కలో ధరకు చోటు లేదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 లాంటివి ఇంట్లో, స్టూడియోలో పెద్ద యాంప్లిఫయర్లకు తగిలించి వినడానికి తయారైనవి. అక్కడ వోల్టేజీకి కొదవ ఉండదు కాబట్టి తయారీదారు స్వరాల సమతూకం మీదే దృష్టి పెట్టాడు. 1979లో సోనీ తొలి వాక్‌మన్‌తోపాటు ఇచ్చిన తేలికపాటి హెడ్‌ఫోన్ల సంగతి వేరు. అవి చిన్న బ్యాటరీలతో నడిచే ఆ ప్లేయర్‌తో మోగాల్సినవి. ఫోన్ పెట్టెలో వచ్చే ఇయర్‌ఫోన్లదీ అదే జాతి.

అపోహ: అంతా ఇంపిడెన్స్ (కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డంకి, ఓమ్‌లలో కొలుస్తారు) వల్లే. ఓమ్‌లు తక్కువున్నది కొంటే చాలు, ఫోన్‌తో ఫుల్ సౌండు వస్తుంది.

వాస్తవం: దుకాణాల్లో ఎక్కువగా వినబడే సలహా ఇదే, ఎక్కువగా మోసపోయేదీ దీనివల్లే. మూడు హెడ్‌ఫోన్లను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. హెచ్‌డీ 650 ఇంపిడెన్స్ 300 ఓమ్‌లు, ఒక వోల్టుకు 103 డెసిబెల్స్ మోగుతుంది. ఏకేజీ కే701 ఇంపిడెన్స్ 62 ఓమ్‌లే, అయినా ఒక వోల్టుకు ఇచ్చేది 105 డెసిబెల్స్. ఓమ్‌లు అయిదో వంతుకు పడిపోతే పెరిగింది రెండు డెసిబెల్స్, చెవికి సరిగా ఆననంత తేడా. ఇక హైఫైమాన్ హెచ్‌ఈ-6 ఇంపిడెన్స్ 50 ఓమ్‌లు. ఓమ్‌లు చూసి కొనేవారు దీన్నే తేలిగ్గా మోగేదిగా ఎంచుకుంటారు. కానీ దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్ మాత్రమే. వోల్టు లెక్కకు మారిస్తే సుమారు 96.5. అంటే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కంటే 50 ఓమ్‌లదే తక్కువ మోగుతుంది!

కరెంటు లెక్క తీస్తే తేడా ఇంకా పెద్దది. సంగీతంలో హఠాత్తుగా వచ్చే మృదంగపు దెబ్బలాంటి శిఖరాలకు 110 డెసిబెల్స్ కావాలనుకుందాం. హెచ్‌డీ 650కి రెండు వోల్టుల పైచిలుకు, ఏడెనిమిది మిల్లీయాంపియర్లు చాలు. హెచ్‌ఈ-6కు అయిదు వోల్టులకు కాస్త తక్కువగా, దాదాపు 95 మిల్లీయాంపియర్లు కావాలి. ఫోన్‌కు తగిలిస్తే ఒకదానికి వోల్టేజీ చాలదు, రెండోదానికి వోల్టేజీతోపాటు కరెంటూ చాలదు. ఓమ్‌లు ఒక్కటే చూస్తే ఇది కనబడదు. కొనేటప్పుడు మరో చిక్కు కూడా ఉంది: కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు రాస్తాయి, కొన్ని వోల్టుకు రాస్తాయి. ఆ రెండు అంకెల్ని నేరుగా పోల్చకూడదు.

అపోహ: వాల్యూమ్ గీత చివరికి వచ్చిందంటే ఫోన్ తన శక్తినంతా ఇచ్చేసినట్టే.

వాస్తవం: ఆ గీతకు పైన మరో తాళం ఉండవచ్చు. దీని వెనక చట్టం కథ ఉంది. ఫ్రాన్స్‌లో 1996లో వచ్చిన చట్టం చేతిలో పట్టుకు తిరిగే ప్లేయర్ల శబ్దానికి 100 డెసిబెల్స్ హద్దు పెట్టింది. 2002లో యాపిల్ ఐపాడ్ ఆ హద్దు దాటడంతో అక్కడి దుకాణాల నుంచి కొన్నాళ్లు మాయమై, సాఫ్ట్‌వేర్ మార్చుకున్నాకే తిరిగొచ్చింది. తర్వాత యూరప్ అంతటా ఈఎన్ 50332 ప్రమాణం అమల్లోకొచ్చింది. సంగీతాన్ని పోలిన పరీక్షా శబ్దాన్ని వాయించినప్పుడు ప్లేయర్ నుంచి 150 మిల్లీవోల్టులకు మించి రాకూడదన్నది అందులో ఒక నియమం. ప్రమాణానికి సరిపోయేలా చేసిన ఇయర్‌ఫోన్ ఆ 150 మిల్లీవోల్టులతోనే 100 డెసిబెల్స్ దాకా మోగగలదు. హెచ్‌డీ 650కి అదే అందితే వచ్చేది సుమారు 86.5 డెసిబెల్స్. పాత ఇయర్‌ఫోన్‌కు అలవాటుపడ్డ చెవికి ఇది సగానికంటే తక్కువగా అనిపించడంలో వింత లేదు.

యూరప్‌లో ఉండే బంధువులు సెలవులకు వస్తూ తెచ్చిపెట్టే వస్తువులతో మన ఇళ్లలోకీ ఈ హద్దు వస్తుంది. యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ (హెడ్‌ఫోన్ పిన్నును ఫోన్‌కు కలిపే చిన్న అడాప్టర్) అమెరికా రకం (ఏ2049) సుమారు ఒక వోల్టు ఇస్తుంది, యూరప్ రకం (ఏ2155) అందులో సగమే. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, వైరు మీది సన్నటి అక్షరాలు చదివితే తప్ప తేడా తెలియదు. అమెరికా రకమే అయినా కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే సౌండు తక్కువే వస్తుంది. ఆ ఫోన్లు డాంగిల్‌లోపలి వాల్యూమ్‌ను పూర్తిగా తెరవవు. ఫోన్ గీత నిండుగానే కనిపిస్తుంది, లోపలి గీత మాత్రం సగంలో ఆగి ఉంటుంది. ఎల్‌జీ వీ30 లాంటి కొన్ని ఫోన్లది తిరగేసిన తీరు. తగిలించిన హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ కొలిచి, ఎక్కువుంటే వోల్టేజీని తామే పెంచేవి.

అపోహ: వాల్యూమ్ బూస్టర్ యాప్ వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: యాప్ పెంచేది పాటలోని అంకెల్నే, ఫోన్ ఇచ్చే గరిష్ఠ వోల్టేజీని కాదు. నిండుగా రికార్డయిన పాటను ఇంకా పెంచితే శిఖరాలు తెగిపోయి గరగర వస్తుంది.

అపోహ: పాత పాటలు సన్నగా వినిపిస్తే అది హెడ్‌ఫోన్ లోపం.

వాస్తవం: ఈమధ్య సినిమా పాటల్ని మెత్తగా మోగే చోటు, గట్టిగా మోగే చోటు దాదాపు సమానమయ్యేలా నొక్కిపెట్టి తయారుచేస్తున్నారు. పాత కర్ణాటక కచేరీ రికార్డింగులో తంబురా నాదానికీ తాళవాద్యాల తని ఆవర్తనానికీ మధ్య బోలెడంత ఎడం ఉంటుంది, సగటు స్థాయి కిందే ఉంటుంది. రెండూ ఒకే ఫోన్‌లో ఒకే వాల్యూమ్‌లో పెడితే పది డెసిబెల్స్ తేడా రావడం మామూలే. స్ట్రీమింగ్ యాప్‌లు ఈ తేడాను సర్దడానికి గట్టి పాటల్ని తగ్గిస్తాయి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట సగటు గట్టిదనపు కొలమానం) స్థాయికి తెస్తుంది. సౌండు చాలనప్పుడు సెట్టింగుల్లో ముందు చూడాల్సినవాటిలో ఇదొకటి.

అపోహ: రెట్టింపు వాట్ల యాంప్లిఫయర్ పెడితే రెట్టింపు సౌండు.

వాస్తవం: శక్తి రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పది డెసిబెల్స్, అంటే పదింతల శక్తి కావాలి.

అపోహ: మంచి హెడ్‌ఫోన్ కొన్నాక విడిగా యాంప్లిఫయర్ తప్పనిసరి.

వాస్తవం: సౌండు తగ్గడానికి కొన్నిసార్లు పిన్ను సరిగా దిగకపోవడమే కారణం. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద నల్లటి గీతలు విడదీసిన లోహపు వలయాలు ఉంటాయి: ఎడమ, కుడి, గ్రౌండు, కొన్నిటికి మైకు. జేబులోని నూలు పోగులు జాక్ అడుగున పేరుకుంటే పిన్ను ఒక పిసరు బయటే ఆగిపోతుంది, లేదా కవరు అడ్డుపడుతుంది. గ్రౌండు తెగితే రెండు చెవుల్లో సమానంగా ఉన్నదంతా రద్దవుతుంది. గాయకుడి గొంతు మాయమై, వయొలిన్లు, ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. ఈ లక్షణం కనిపిస్తే యాంప్లిఫయర్ మీద ఖర్చు పెట్టడం దండగ, పుల్లతో జాక్ శుభ్రం చేస్తే చాలు. అవేవీ కానప్పుడు రెండు వోల్టులిచ్చే డాంగిల్ హెచ్‌డీ 650 లాంటివాటికి దాదాపు సరిపోతుంది. హెచ్‌ఈ-6 లాంటి వాటికైతే గోడ ప్లగ్గుకు తగిలించే యాంప్లిఫయర్ లాంటి బలమైనది కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ల గొడవే వేరు, వాటి యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది.

అపోహ: బస్సులో సరిగా వినబడలేదంటే ప్లేయర్ బలహీనమైనదే.

వాస్తవం: ఇక్కడ ప్రస్తావించిన మూడు హెడ్‌ఫోన్లూ వెనక తెరిచి ఉండేవే, ఓపెన్ బ్యాక్ రకం. బయటి శబ్దాన్ని అవి ఆపవు. ఆర్టీసీ బస్సు ఇంజను మోతను వాల్యూమ్‌తో గెలవాలని చూస్తే ఓడేది చెవులే. రబ్బరు తొడుగు చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ అక్కడ తక్కువ సౌండుతోనే పని జరుపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి రూపొందించిన ప్రమాణం పెద్దలకు సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. యూరప్ తాళం వేసిన ప్లేయర్‌తో, ‘సౌండు చాలడం లేద’ని జనం విసుక్కునే హెచ్‌డీ 650 ఇచ్చే 86.5 డెసిబెల్స్ కూడా ఆ హద్దుకు పైనే ఉంది.