పక్కింటికి పొమ్మన్న పాట

2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్ ఇయర్‌ఫోన్స్‌లో మొదలవగానే నా టైపింగ్ ఆగిపోయింది. ఆ తొలి గొంతు మా పాలమూరోళ్లది! పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తేనెమైనం, తీగలు. అదే కిన్నెర. దాన్ని భుజానేసుకొని ఊరూరా తిరిగి పాడితేనే బతుకు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ మాకు పాఠాల్లో లేదు, కిన్నెర మీదే విన్నం.

నా ఎంసెట్ ఏడాది ఒక తాత మా వాకిట్ల కిన్నెర మీటిండు. “చదువుకుంటున్న, పక్కింటికి పో తాతా” అన్న. (ర్యాంకు మాత్రం పెద్దగా ఏం రాలేదు లెండి.) నాయనమ్మ చాటల బియ్యం పట్టుకొని వచ్చేసరికి ఆయన సందు దాటిండు.

“నా పెండ్లయినప్పటి సంది వస్తుండురా ఆయన” అన్నది. చాట అట్లనే పట్టుకొని చానాసేపు నిలబడ్డది.