నెలలు నిండిన గర్భిణి – పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి

గర్భిణి సంగతి ఇంటి ఆడువారిది, పంచాయతీకి దానితో నిమిత్తమేమని కొందరు సభ్యులు తలంపవచ్చును. కాని కాన్పు కష్టమైన అర్ధరాత్రివేళ బండి కొరకు పరుగెత్తువారు, రక్తమిచ్చువారికై వెదకువారు గ్రామములోని మగవారే. ఏడవ నెల మొదలు ఏమేమి జరుగునో వారికిని తెలిసియుండుట అవసరమని మేము భావించుచున్నాము.

ఏడవ నెల దాటిన పిమ్మట బిడ్డ వేగముగా పెరుగును. గర్భిణికి ఆయాసము, గుండెలో మంట, నడుము నొప్పి కలుగును. రాత్రులు పిక్కలు పట్టును. సాయంకాలమునకు పాదములు కొంచెము పొంగును. తొమ్మిదవ నెలలో, ముఖ్యముగా తొలిచూలులో, బిడ్డ తల క్రిందికి దిగును. అప్పుడు ఊపిరి తేలికపడును గాని మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చును. అప్పుడప్పుడు కడుపు బిగిసి వదలుచుండును. క్రమము లేక వచ్చి, విశ్రాంతి తీసికొన్నంతనే తగ్గునవి ఉత్తుత్తి నొప్పులు. వేళ తప్పక వచ్చుచు, ఎడము తగ్గుచు, బలము హెచ్చుచుండునవి కాన్పు నొప్పులు. ఇవి యన్నియు సహజములే.

ముఖము, చేతులు వాచుట, తలనొప్పి తగ్గకుండుట, చూపు మసకబారుట మాత్రము సహజములు కావు. అవి రక్తపోటు హెచ్చినదనుటకు గుర్తులు. రక్తపోటు 140/90కి చేరినచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఉపేక్షించినచో మూర్ఛలు వచ్చి తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు కలుగును. గాలి సోకినదని తాయెత్తు కట్టించుటలో గడచిన పూట మరల రాదు. రక్తము కొంచెమైనను కనబడినను, ఉమ్మనీరు పోయినను, జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవలసినదే. నెలలు నిండినవి గనుక బిడ్డ కదలిక తగ్గుట మామూలేయను మాట పల్లెలలో తరచు వినబడును. అది నిజము కాదు. కదలిక తగ్గినచో ఆనాడే పరీక్ష చేయింపవలెను.

ఎక్కువ తినినచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని కొన్ని యిండ్లలో గర్భిణికి తిండి తగ్గింతురు. దానివలన తల్లి నీరసించును, బిడ్డ బరువు తగ్గును. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7 గ్రాములకు లోబడినచో మిక్కిలి ప్రమాదము. అట్టి తల్లి కాన్పులో మామూలుగా పోవు రక్తమును సైతము తట్టుకొనుట కష్టము. ఇనుము మాత్రలు మ్రింగినప్పుడు మలము నల్లబడును. దానికి భయపడి మాత్రలు మానరాదు.

తొలికాన్పునకు పుట్టింటికి తీసికొనిపోవుట మన ఆచారము. మంచి ఆచారమే. చిక్కెక్కడనగా, పేరు నమోదైనది అత్తవారి ఊరిలో. ఆమె వచ్చినట్లు పుట్టింటి ఊరి ఏ.ఎన్.ఎం.కు ఒక్కొక్కప్పుడు తెలియనే తెలియదు. చీర, గాజులు, చలిమిడి మరువని పెద్దలు తల్లీబిడ్డల రక్షణ కార్డును అత్తింటి పెట్టెలోనే మరచుచుందురు! రక్తపోటు ఎంతయుండెనో, రక్తము ఏ వర్గమో తెలుపునది ఆ కార్డే. కోడలు వెళ్లునప్పుడు ఈ ఊరి ఆశా కార్యకర్త ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేయునట్లు చూచుట సభ్యులకు కష్టమైన పని కాదు.

108 అంబులెన్సు 2005లో మన రాష్ట్రమున ఆరంభమైనది. అయినను దారిలేని గూడెమునకు, వాగు పొంగిన పల్లెకు ఏ బండియు చేరజాలదు. అట్టిచోట్ల నెలలు నిండకమునుపే గర్భిణిని ఆసుపత్రికి దగ్గరగా ఉంచుట మేలు. సాలూరు ప్రాంతపు కొండపల్లెల గర్భిణులకై 2018లో వసతి గృహమునే ఏర్పరచిరి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా వైద్యపరీక్షలు చేయుచున్నారు. ఆ తేదీకి ముందే ఆశా కార్యకర్తను పిలిపించి, ఏ యింట ఎవరికి ఎన్నవ నెలయో, ఆ యింటి వాకిటికి బండి రాగలదో లేదో సభ్యులు విచారింపవలెను. రాలేనిచో మంచముపై మోసికొనివచ్చు నలుగురెవరో ముందుగానే నిర్ణయించి, వారి ఫోను నంబర్లను ఆ యింటివారికి ఇయ్యవలెను.