అద్దపుతొట్టిలో బొగ్గుపులుసు గాలి

మొక్కలు నాటిన చేపలతొట్టిని ఇంట నుంచుకొను సోదరీమణులు తఱచుగా రెండు విధములైన మొఱలు చెప్పుచుందురు. గాలిసిలిండరు కొని తెచ్చినది మొదలు బుడగలు వచ్చుచునే యున్నవి, అయినను మొక్కలు వాడుచున్నవి, ఆకులపై నాచు పట్టుచున్నది, అని కొందఱు. మొక్కలు పచ్చగనే యున్నవి, చేపలు మాత్రము నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నవి, అని మఱికొందఱు. పటాన్‌చెరు, రామచంద్రాపురము, సంగారెడ్డి ప్రాంతములందు కాపురముండువారికి ఈ చిక్కు మఱికొంత యెక్కువ. అచ్చటి బోరునీటి స్వభావము, అచ్చటి వేసవి, రెండును ఈ పరికరముతో సరిపడునవి కావు. కావున ఈ విషయమును కొంత విపులముగా వ్రాయ దలచినాము.

మొక్కకు బొగ్గుపులుసు గాలి యాహారము. గాలి తగులుచున్న నీటిలో నిది లీటరునకు అర మిల్లీగ్రాము మాత్రమే సహజముగా నిలుచును. ఎఱ్ఱని యాకుల మొక్కలు, నేలపై పచ్చిక వలె ప్రాకు మొక్కలు దట్టముగా పెరుగవలెనన్నచో లీటరునకు ముప్పది మిల్లీగ్రాముల వఱకు కావలెనని తొట్టి పెంచువారి యనుభవము. గోలీసోడాలో నణచియుంచు గాలియు నిదియే. అయితే సోడాలో నది లీటరునకు కొన్ని గ్రాములుండును. చేపలు సోడాలో బ్రతుకవు. ముప్పదికిని, చేపకు హాని చేయు కొలతకును నడుమ నున్న దూరము చాల స్వల్పము. ఈ పరికరముతో వచ్చు తంటా యంతయు నచ్చటనే యున్నది.

ముందుగా బుడగలు రాని సంగతి. సిలిండరు నుండి గాలి రెగ్యులేటరులోనికి, అచ్చటనుండి సన్నని మరకు, పిదప బుడగలు లెక్కించు గాజుబుడ్డికి, వెనుకకు నీరు రానీయని కవాటమునకు, కట్టకడపట నీటిలోనున్న పింగాణి బిళ్లకు పోవును. ఈ బిళ్లనే డిఫ్యూజరందురు. దోషమును వెదకుటకు మొదట చూడవలసినది నడుమ నున్న గాజుబుడ్డి. దానిలోనే బుడగ లేనిచో తప్పు సిలిండరువైపున నున్నది: సిలిండరు ఖాళీయై యుండవచ్చును, మర బిగిసియుండవచ్చును, లేక విద్యుత్తు పోయి సోలినాయిడు మూసికొని యుండవచ్చును. గాజుబుడ్డిలో బుడగలు వచ్చుచు బిళ్లనుండి రానిచో, గాలి దారిలో నెచ్చటనో కారిపోవుచున్నదని యర్థము. ప్రతి యతుకుమీదను సబ్బునురుగు పూసి చూడవలెను. నురుగు పొంగినచోట రంధ్రమున్నది. వంటగ్యాసు గొట్టమును పరీక్షించు పద్ధతియే యిది. మెత్తని సిలికోను గొట్టములో నుండి ఈ గాలి మెల్లగా నావలికి జారును. పాలీయురితేను గొట్టము మేలు.

అతుకులన్నియు బాగుగ నున్నను బుడగలు రాకున్న బిళ్ల మూసికొనిపోయినదన్నమాట. పింగాణి రంధ్రములలో నాచును, జిగురును పేరుకొనును. బ్లీచింగు ద్రావణమును నీటిలో పలుచగా కలిపి, బిళ్లను కొన్ని గంటలు నానవేసి, పెక్కుమార్లు కడిగి, క్లోరిన్ విఱుచు మందు వేసిన నీటిలో మఱల నుంచి వాడుకొనవలెను. కుంచెతోను, వ్రేలితోను రుద్దరాదు. గాజుపై తెల్లని సున్నపుపొర పట్టినచో దానికి వేఱొకరోజున వెనిగరు వాడవలెను. బ్లీచింగును వెనిగరును ఎన్నడును ఒకే గిన్నెలో కలుపకుడు; అందుండి పుట్టు క్లోరిన్ విషవాయువు ఊపిరితిత్తులను చెఱచును. కడిగిన బిళ్లను మఱల పెట్టిన వెంటనే బుడగలు రాకున్నను కంగారుపడ నవసరము లేదు. గొట్టములో ఒత్తిడి నిండుటకు కొంతసేపు పట్టును. తొందరపడి మరను త్రిప్పివేసినచో పిమ్మట ఒక్కుమ్మడిగా గాలి దూకును.

ఇక బుడగలు వచ్చుచున్నను మొక్కలు వాడు సంగతి. బుడగలు పెద్దవైనచో కరగకయే పైకి పోయి పగిలిపోవును. బుడగలు పొగవలె సన్ననై, వడపోతయంత్రపు నీటిపాటున తొట్టియంతటను తిరుగవలెను. బిళ్లను అడుగున, ప్రవాహము దానిమీదుగా పోవుచోట నుంచుట మంచిది. దీపము వెలుగుటకు ఒకటి రెండు గంటల ముందు గాలి విడిచి, దీపమార్పుటకు ఒక గంట ముందు ఆపవలెను. చీకటిలో మొక్కలు ఈ గాలిని తినవు. చేపలవలె తామును దానిని విడుచును. రాత్రియంతయు బుడగలు విడుచువారి యిండ్లలో తెల్లవాఱునప్పటికి చేపలు పైకి తేలుట కిదియే హేతువు.

ఎంత గాలి కరగినదో తెలిసికొనుటకు రంగుబుడ్డి యొకటి దొరకును. అందులో తొట్టినీరు పోయుట చాలమంది చేయు పొరపాటు. అందులో పోయవలసినది నాలుగు డిగ్రీల క్షారత్వముగల ప్రత్యేక ద్రావణము. నీలము కొఱత, ఆకుపచ్చ సరి, పసుపు అధికము. రంగు మాఱుటకు గంట రెండుగంటలు పట్టును గనుక ఇప్పటి రంగు ఇంతకు ముందటి సంగతినే చెప్పును. పీహెచ్ చూచి లెక్కకట్టువారు తమ నీటి క్షారత్వము నెఱుగవలెను. నాలుగు డిగ్రీల నీటిలో పీహెచ్ 6.6 అయినచో గాలి ముప్పది మిల్లీగ్రాములు. పదునైదు డిగ్రీల కఠినమైన బోరునీటిలో పీహెచ్ 7.2 చేరునప్పటికే ఇంచుమించుగా నంతయు నుండును. పుస్తకములో 6.6 అని యున్నదని అట్టి నీటిలోను ఆ యంకె వచ్చువఱకు గాలి విడిచినచో చేపలు చచ్చుట నిశ్చయము.

చేపలు నోరు తెఱచినప్పుడు మొదట గాలిని కట్టివేయుడు. నీటిపై అలలు లేచునట్లు గాలిపంపును పెట్టుడు. నీటిలో బొగ్గుపులుసు గాలి మితిమీఱినచో చేప తన నెత్తురులోనిదానిని వెలికి పంపజాలదు. నెత్తురు పులిసి ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా నున్నను చేప యుక్కిరిబిక్కిరి యగుట కిదియే కారణము. వంటసోడా వేసి పీహెచ్ పెంచుట మాత్రము తగదు. గాలి కట్టిన గంటలోపల చేపలు తేఱుకొన్నచో దోషము గాలిది. తేఱుకొననిచో నీటిని శంకింపవలెను. ఆనాడే కుళాయినీరు పోసియుంటిరా యన్నది మొదటి ప్రశ్న. క్లోరిన్ విఱువని నీరు చేపల మొప్పలను కాల్చును.

సిలిండరును గూర్చి రెండు మాటలు గట్టిగా చెప్పవలసియున్నది. అందున్న గాలి ద్రవరూపమున నుండును గనుక ఒత్తిడి చూపు ముల్లు కడవఱకు కదలక, ద్రవము తీఱిన పిదప చప్పున పడిపోవును. ఎంత మిగిలినదో తెలియుటకు త్రాసే శరణ్యము. ఒత్తిడి పడిపోవునపుడు చౌక రెగ్యులేటరులు కొన్ని తటాలున నెక్కువ గాలిని విడుచును. ఒకరాత్రిలో తొట్టి శూన్యమగుట పెక్కుచోట్ల దీనివలననే. రెండంచెల రెగ్యులేటరునకు ఖర్చు పెట్టుట వృథా కాదని మా యభిప్రాయము. రెండవది వేసవి. ముప్పదియొక డిగ్రీలు దాటినచో ఈ వాయువు ఎంత ఒత్తిడిలోను ద్రవముగా నిలువదు. సిలిండరులో ఒత్తిడి వేగముగా పెరుగును. పటాన్‌చెరులో వైశాఖమున నలువది డిగ్రీలు వింత కాదు. ఎండ తగులు వరండాలో, పొయ్యిప్రక్కన సిలిండరు నుంచరాదు. అంచువఱకు నింపించుకొనరాదు. మెడపై ముద్రించిన పరీక్ష తేదీని చూడక కొనరాదు. నిలువుగా గోడకు కట్టియుంచవలెను.

పసిబిడ్డ పడుకొను గదిలో మాత్రము దీనిని పెట్టకుడు. ఒక కిలో వాయువు విడివడినచో సుమారు ఐదువందల యేబది లీటర్లగును. పదియడుగుల చదరపు గదిలో, తలుపులు కిటికీలు బిగించియున్నచో, నూటికి రెండు పాళ్లు నిండును; తలనొప్పి, ఆయాసము కలుగును. రెండు కిలోలు కారినచో నాలుగు పాళ్లు, అది ప్రాణాపాయము. గాలికంటె బరువైనది గనుక ముందుగా నేలమట్టమున, అనగా చాపపై పండుకొన్నవారి ముఖములకు చేరును. వాసన యుండదు.

సిలిండరు వలదనుకొనువారు చక్కెరయు ఈస్టును కలిపి సీసాలో పులియబెట్టుదురు. ఇడ్లీపిండిని పొంగించు వాయువే యిది. అయితే చలికాలమున మందగించును, వేసవిలో పొంగి పొరలును. మర లేదు గనుక రాత్రి యాపుటకు వీలు లేదు. నిమ్మయుప్పు రెండువందల గ్రాములు, వంటసోడా రెండువందల అఱువది గ్రాములు కలుపు పద్ధతి యింతకంటె మేలు. కాని గొట్టము మూసికొన్నచో ప్లాస్టిక్కు సీసా పగులును. ఒత్తిడి ముల్లును రక్షణకవాటమును లేని మూతను వాడరాదు.

నీటినిగూర్చి చెప్పక విడుచుటకు వీలులేదు. పటాన్‌చెరు బొల్లారములలో 1970 తరువాత మందుల కర్మాగారములు విస్తారముగా వెలసినవి. వాటి మురికి నక్కవాగులో పడి మంజీరలో కలియుచు వచ్చినది. 1990లో ఈ విషయము సుప్రీముకోర్టుకెక్కినది. 2007లో ప్రకటింపబడిన పరిశోధనలో, పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు లీటరునకు ముప్పదియొక మిల్లీగ్రాముల వఱకు కనబడినది. 2009లో ఈ ప్రాంతము దేశమందలి అతికాలుష్య పారిశ్రామిక ప్రాంతముల పట్టికలో చేరినది. ఇట్టి చోట పరీక్షింపని బావినీటిని, బోరునీటిని తొట్టిలో పోసి, చేప చచ్చిన పిమ్మట డిఫ్యూజరును నిందించుట న్యాయము కాదు. వడపోతలో నీటిని శుభ్రపఱచు సూక్ష్మజీవులకును అట్టి మందులు హానికరములు కాగలవు. శుద్ధిచేసిన కుళాయినీటిని క్లోరిన్ విఱిచి పోసికొనుట క్షేమము. వాగులలోని మొక్కలను పీకి తెచ్చుటయు తగదు.

ఇన్ని జాగ్రత్తలు మాచేత కావనువారికి మఱియొక దారి యున్నది. మన చెఱువులలో పెరుగు హైడ్రిల్లా, వల్లిస్నేరియా జాతులు కఠినమైన నీటిలోని బైకార్బొనేటునుండియే తమకు కావలసిన బొగ్గును తీసికొనగలవు. అంగడిలో శుభ్రమైన తీగలు దొరకును. ఓ మోస్తరు వెలుతురున్న చాలును, సిలిండరుతో పనిలేదు.