అమ్మ ఆఫీసుకి... మరి బిడ్డ ఎక్కడికి?

ప్రసూతి సెలవు ముగిసే రోజులు దగ్గరపడే కొద్దీ ఉద్యోగిని ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే ఆలోచన. బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలి? అమ్మమ్మ ఊరు వదిలి రాలేదు. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు; పాకే పిల్ల వెంట పరుగెత్తలేదు. ఆయాను పెడదామంటే మనసొప్పదు. పోనీ ఉద్యోగం మానేద్దామంటే ఇంటి వాయిదాలు ఎలా కట్టాలి? మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరుకుతుందా?

ఇలాంటి సమయంలో, పనిచేసే సంస్థే క్రెష్ నడుపుతోందనో, క్రెష్ ఫీజులో కొంత భరిస్తుందనో తెలిస్తే పెద్ద బరువు దించుకున్నట్లుంటుంది. అయితే ఆ సౌకర్యం బిడ్డ ఆరోగ్యానికి ఎంతవరకు పనికివస్తుందో తల్లిదండ్రులు ముందుగానే తెలుసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

క్రెష్ అనేది యజమాని దయతో ఇచ్చేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ నియమం ఉండేది. 1976 సవరణ తరువాత, 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకు క్రెష్ ఉండాలన్నారు. ఇందులో ఒక చిక్కు ఉండేది. ఆడవాళ్ళ సంఖ్య 30 దాటకుండా చూసుకుంటే యజమానికి ఆ ఖర్చు తప్పేది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు ఈ లెక్క మార్చారు. ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే చాలు, క్రెష్ సౌకర్యం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు, విశ్రాంతి వేళలతో కలిపి, వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ సౌకర్యాలు ఉన్నాయి.

అయితే నెల ఫీజులో యజమాని వాటా ఎంత, తల్లిదండ్రుల వాటా ఎంత అన్నది చట్టం విడమరిచి చెప్పలేదు. అందుచేత సెలవు మీద వెళ్ళకముందే మీ ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఉద్యోగం మారితే బిడ్డ చోటు ఏమవుతుందో కూడా అప్పుడే అడగండి.

సెలవు లెక్క, బిడ్డ వయసు

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంది. అంటే ఆరు నెలలు. కాని అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు నిండేది 18 వారాలే. అప్పటికింకా బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఆహారం అక్కరలేదు. అందుచేత ఆరోగ్యం బాగుండి, డాక్టరు సరేనంటే, కాన్పుకు ముందు సెలవు తక్కువ వాడి తరువాతికి దాచుకోవడం మంచిది.

పాలు మాన్పించనక్కరలేదు

ఉద్యోగంలో చేరగానే పాలు మాన్పించాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత వేరే ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉదయం బయలుదేరే ముందు, సాయంత్రం రాగానే, రాత్రిపూట ఇస్తూంటే పాలు తగ్గిపోవు. మధ్యాహ్నానికి పాలు పిండి, శుభ్రమైన మూతగిన్నెలో ఉంచి క్రెష్‌లో ఇవ్వవచ్చు. చల్లని గదిలోనైనా 4 గంటలకు మించి బయట ఉంచవద్దు. మన వేసవిలో అయితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొయ్యిమీద కాచవద్దు, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. సీసాకంటే ఉగ్గుగిన్నె, చెంచా మేలు. వాటిని కడగడం తేలిక.

ఇక్కడే అసలు సందిగ్ధం వస్తుంది. సంస్థ ఇచ్చే చవక క్రెష్ ఊరికి ఆ చివర, ఆఫీసు ఈ చివర ఉంటే ఆ నాలుగు సందర్శనలు కాగితం మీదే మిగులుతాయి. మొదటి ఏడాదిలో వీలైతే కొంచెం ఖర్చయినా మీకు దగ్గరగా ఉన్న చోటే ఎంచుకోండి. రోజూ రెండు పూటలా పసిబిడ్డతో కిక్కిరిసిన బస్సులో ప్రయాణం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

జలుబులు, విరేచనాలు

క్రెష్‌లో చేరిన మొదటి సంవత్సరం బిడ్డకు తరచు జలుబు, దగ్గు వస్తాయి. పదిమంది పిల్లలు ఒకచోట ఉంటే ఇది మామూలే. బెంబేలుపడి మాన్పించనక్కరలేదు. టీకాలు మాత్రం ఒక్కటి కూడా వెనకబడకూడదు. 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా వేయించి కార్డు నకలు క్రెష్‌లో ఇవ్వండి.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. పాలు, తిండి మాన్పించకూడదు. డాక్టరు సలహాతో 14 రోజులు జింకు ఇవ్వాలి. బిడ్డ కళ్ళు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా, మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. పిల్లలు గొడవ చెయ్యకుండా నిద్రపోవాలని దగ్గుమందు పట్టే ఆయాలు ఉంటారు. పసిపిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. సాయంత్రం తీసుకువచ్చేటప్పుడు బిడ్డ రోజూ మగతగా ఉంటే గట్టిగా ఆరా తియ్యండి.

బెంగ పెట్టుకుంటే?

సుమారు 8 నెలల వయసులో బిడ్డకు కొత్తవాళ్ళను చూస్తే భయం మొదలవుతుంది. తల్లి కనుమరుగైతే ఏడుస్తుంది. ఇది ఎదుగుదలలో భాగం. అందుచేత వీలైతే ఆ వయసుకు ముందే, సెలవు పూర్తికాకముందే అలవాటు చెయ్యండి. మొదట అరగంట మీరూ కూర్చోండి. తరువాత గంట, పూట వదిలి చూడండి. చెప్పకుండా దొంగతనంగా జారుకోవద్దు. టాటా చెప్పి, ముద్దుపెట్టి, వెళ్ళిపోండి. వాడిన పాత చీరముక్క ఒకటి దగ్గర ఉంచితే కొందరు పిల్లలు ఊరడిల్లుతారు.

తల్లి ఉద్యోగం చేస్తే బిడ్డ చెడిపోతుందని చుట్టాలు దెప్పుతూనే ఉంటారు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. పిల్లల ఎదుగుదలకు క్రెష్‌కంటే ఇంటి వాతావరణం, తల్లిదండ్రుల పెంపకమే ఎక్కువ ముఖ్యమని, మంచి క్రెష్‌లో ఉన్న పిల్లలకు మాటలు బాగా వస్తాయని అందులో తేలింది.

చేర్చే ముందు చూడవలసినవి

1. చెప్పకుండా ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళండి. తల్లిదండ్రులను ఏ వేళనైనా లోపలికి రానివ్వని చోట చేర్చవద్దు.
2. ఒక్కొక్క ఆయాకు ఎంతమంది పిల్లలు? ఏడ్చే బిడ్డను ఎత్తుకునే తీరిక ఆమెకు ఉందా?
3. గుడ్డలు మార్చాక, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుగుతున్నారా? రెండు పనులూ ఒకేచోట చేస్తున్నారా?
4. తాగే నీరు ఎక్కడిది? నీళ్ళ బకెట్లు, స్విచ్చులు, మెట్లు పిల్లలకు అందేలా ఉన్నాయా?
5. ఆయాలు తరచు మారిపోతున్నారా? బిడ్డకు రోజూ అదే ముఖం కనిపించడం అవసరం.
6. జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? దగ్గరలో డాక్టరు ఎవరు?

జ్వరం వచ్చిన రోజు ఎవరి సెలవు?

ఎంత మంచి క్రెష్ అయినా జ్వరంతో ఉన్న బిడ్డను చేర్చుకోదు. చేర్చుకోకపోవడమే సరి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు ఇంట్లోనే ఉంచాలి. అలాంటి రోజుల్లో ప్రతిసారీ తల్లే సెలవు పెడితే, ఆఫీసులో మాట పడేదీ ఆమే, ఇంట్లో అలిసిపోయేదీ ఆమే. నిద్రలేమి, దిగులు ముదిరి ఆమె ఆరోగ్యమూ దెబ్బతింటుంది. కనుక సెలవు విషయంలో భార్యాభర్తలు ముందే ఒప్పందానికి రావాలి. ఈసారి అతను, వచ్చేసారి ఆమె. ఓ.ఆర్.ఎస్. కలపడం, జ్వరం చూడటం, మందు కొలిచి పొయ్యడం తండ్రికి కూడా వచ్చి ఉండాలి.

మీ సంస్థలో క్రెష్ లేకపోతే, 50 మంది ఉద్యోగులున్నారో లేదో లెక్క చూసుకుని, పిల్లలున్న ఉద్యోగులందరూ, మగవారితో సహా, కలిసి సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. ఒక్క తల్లి అడిగితే అది ఆమె సొంత ఇబ్బందిగానే కనిపిస్తుంది. పదిమంది కలిసి అడిగితే యాజమాన్యం జవాబు చెప్పక తప్పదు.