ఇంటి కుక్కకు ఏ ఆసుపత్రి?

గేదెకు జ్వరము వస్తే ఇల్లంతా కదులుతుంది. పాలు తగ్గిన పూటే డాక్టరు గారికి కబురు పోతుంది. మేక కుంటినా, కోళ్ళకు కొక్కెర తగిలినా ఎవరో ఒకరు పరుగెత్తుతారు. అదే వాకిట్లో పడుకునే కుక్క రెండు రోజులు అన్నము ముట్టకపోతే, "అదే తేరుకుంటుందిలే" అని ఊరుకుంటాము. అది పాలివ్వదు, గుడ్డు పెట్టదు, సంతలో అమ్ముడుపోదు. కాని ప్రియ పాఠకులారా, మన పసిబిడ్డల పక్కన పడుకునేది, వారి చేతిలోని రొట్టె ముక్క నాకేది ఆ కుక్కే. దానికి వచ్చే జబ్బు గేదె జబ్బు కంటే మన బిడ్డలకు దగ్గరలో ఉంటుంది.

మన పల్లె కుటుంబాలకు అందుబాటులో ఉన్న పశువైద్యము ఎక్కడెక్కడ ఉంది, కుక్క, పిల్లి విషయములో ఏ చోటు దేనికి పనికి వస్తుంది అని పోల్చి చూచి ఈ వ్యాసము వ్రాస్తున్నాము. మేము చూచినంతలో అన్ని పనులకూ సరిపోయే ఆసుపత్రి ఒకటి లేదు. టీకాకు ఒకచోటు, వాంతులకు ఒకచోటు, ఆపరేషనుకు ఒకచోటు మేలు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు, ప్రేమగా పెంచుకున్న ప్రాణిని పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

మండలములోని పశువుల ఆసుపత్రి

మనకు మొదట దగ్గరలో ఉండేది ఇదే. "ఆయన పశువుల డాక్టరు, కుక్కల సంగతి ఆయనకేం తెలుసు?" అనే మాట పల్లెల్లో తరచుగా వింటాము. అది సరి కాదు. పశువైద్య పట్టా కోసము అయిదున్నర సంవత్సరాలు చదివే ఆ చదువులో ఆవు, గేదెలతో పాటు కుక్క, పిల్లి వైద్యము కూడా ఉంది. లోటు అంతా సరంజామాలో ఉంది. బీరువాలోని మందులు ఎక్కువ భాగము పశువుల కోసము, గొర్రెల కోసము వచ్చినవి. కుక్కపిల్లలకు వేసే పార్వో టీకా అక్కడ సాధారణంగా దొరకదు. ఉదయము వెళితే డాక్టరు గారు ఉంటారు. మధ్యాహ్నానికి ఏ ఊరిలోనో గేదె ఈనలేక బాధపడుతుందని వెళ్ళిపోతారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కరే డాక్టరు అయినప్పుడు ఆయన్ను తప్పుపట్టి లాభము లేదు.

అయినా రేబిస్ టీకా, నులిపురుగుల మందు, గజ్జికి, గోమార్లకు వైద్యము, గాయానికి కట్టు — వీటికి ఇక్కడికి వెళితే చాలు. ముఖ్యంగా ఈగలు వాలి పురుగులు పట్టిన గాయము. దానికి మన వాళ్ళు కిరోసిన్, ఫినాయిలు పోస్తారు. పురుగులతో పాటు పచ్చి మాంసము కూడా కాలుతుంది, కుక్క నొప్పితో పోసినవారినే కరుస్తుంది. ఆసుపత్రిలో పురుగులను ఏరివేసి, మందు వేసి, కట్టు కట్టి పంపుతారు. దీనికి పట్నము పోవలసిన పని లేదు.

టీకా నిల్వ లేదంటే డాక్టరు గారు చీటీ వ్రాసి ఇస్తారు, పట్నములో కొని తేవాలి. ఇక్కడ జాగ్రత్త అవసరము. టీకా 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉండాలి. చొక్కా జేబులో పెట్టుకొని ఎండలో బస్సెక్కి తెచ్చిన టీకా వేయించినా వేయించనట్టే. రేబిస్ టీకా గడ్డకట్టినా పాడవుతుంది. కాబట్టి ఫ్లాస్కులో ఐసు వేసి, సీసాను కాగితములోనో గుడ్డలోనో చుట్టి, ఐసు నేరుగా తగలకుండా తేవాలి.

ఇంకొక సంగతి. పశువుల ఆసుపత్రి అని బోర్డు ఉన్న ప్రతి చోటా డాక్టరు ఉండరు. చిన్న ఊళ్ళ కేంద్రాలలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, కొన్ని చోట్ల గోపాలమిత్రలు పనిచేస్తారు. వీరు ప్రథమ చికిత్సలో, పశువుల కృత్రిమ గర్భధారణలో శిక్షణ పొందినవారు, కష్టజీవులు. అయితే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము వైద్యము చేయవలసినది పేరు నమోదైన పశువైద్యుడే. సహాయకులు ఆయన పర్యవేక్షణలో చిన్న చికిత్సలు చేయవచ్చు. కాబట్టి "డాక్టరు గారు ఉన్నారా, ఎప్పుడు వస్తారు?" అని అడగడములో అమర్యాద లేదు.

1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల గురించి చాలామందికి తెలుసు. అవి ముఖ్యంగా పాడిపశువులను, గొర్రెలను దృష్టిలో పెట్టుకొని నడిచేవి. కుక్క కోసము వస్తారో రారో ఫోనులోనే అడిగి తెలుసుకుంటే ఎదురుచూపులు తప్పుతాయి.

పట్నములోని క్లినిక్కులు

మాకు తెలిసిన ఒక రైతు కుటుంబము సంగతి చెబుతాము. పట్నములోని బంధువుల ఇంటి నుండి పిల్లలు రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నారు. వారము తిరగకముందే వాంతులు మొదలయ్యాయి. మరుసటి రోజు రక్తముతో విరేచనాలు, ఇల్లంతా దుర్వాసన. ఆ రోజు మండలములోని ఆసుపత్రికి సెలవు. మందుల షాపులో మనుషులకిచ్చే విరేచనాల బిళ్ళ తెచ్చి వేశారు. అదీ కక్కేసింది. మూడవ రోజు ఆటో కట్టించుకొని పట్నములోని క్లినిక్కుకు పోయారు.

"టీకాలు ఏమైనా వేయించారా అమ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"లేదు డాక్టరు గారూ, మొన్ననేగా తెచ్చింది. ఇంత పిల్లకు టీకా ఏమిటని..."

నాలుగు రోజులు సెలైను ఎక్కించారు. పిల్ల బ్రతికింది. ఖర్చు ఒక మేకపిల్ల ఖరీదు దాటింది. ఆ ఇంటి తల్లి తరువాత మాతో అన్న మాట ఇది: "టీకా కోసము పట్నము పోతే బస్సు చార్జీ దండగనుకున్నామండీ. ఇప్పుడు నాలుగు రోజులూ ఆటోకే పోసాము."

ఆ జబ్బు పేరు పార్వో. 1978 ప్రాంతములో లోకానికి తెలిసిన ఈ వైరస్సు టీకా లేని కుక్కపిల్లలను రెండు మూడు రోజులలోనే తీసుకుపోతుంది. వైరస్సును చంపే మందు చేతిలో లేదు. సెలైనుతో ఒంటిలోని నీరు తగ్గకుండా నిలబెట్టి, ఇతర క్రిములు చేరకుండా సూదులు వేసి, పిల్ల శరీరము తానే పోరాడేదాకా కాపాడడమే చికిత్స. అందుకే ఈ జబ్బులో గంటలు లెక్క. వాంతులు, రక్త విరేచనాలు కనబడిన పూటే సెలైను ఎక్కించే చోటుకు పోవాలి. అది మండలములోనే ఉంటే మంచిదే, లేకుంటే ఆదివారమైనా సాయంత్రమైనా తలుపు తెరిచి ఉండే పట్నపు క్లినిక్కే మేలు. ఇక్కడ ఖర్చు చూచుకొని ఒక రాత్రి ఆగడము మంచిది కాదని మా అభిప్రాయము. వైరస్సు మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. ఒక పిల్ల చనిపోయిన ఇంటిలో వెంటనే ఇంకొక టీకా లేని పిల్లను తెస్తే దానికీ అదే గతి. నేలను బ్లీచింగు నీళ్ళతో కడగాలి. టీకా మాత్రము ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. ఒక్క సూదితో సరిపెట్టడము చాలదు.

పట్నపు క్లినిక్కులలో ఫ్రిజ్ ఉంటుంది, పిల్లల టీకాలు ఉంటాయి, పెద్దవాటిలో ఎక్స్‌రే, రక్తపరీక్ష కూడా ఉంటాయి. గోమార్లు కుట్టిన కుక్క జ్వరముతో చిక్కిపోయి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుండి రక్తము కారితే రక్తపరీక్ష లేకుండా ఊహించి మందు వేయడము కష్టము. అటువంటప్పుడు ఆ ఖర్చు సార్థకమే.

ఇక్కడి చిక్కులు వేరు. అక్కడ అమ్మే ఖరీదైన షాంపూ, డబ్బా తిండి పల్లెలోని కుక్కకు అవసరము లేదు. ఉప్పు, కారము, ఉల్లిపాయ లేని అన్నము, గుడ్డు, కాస్త మాంసము చాలు. ఫీజు ఎంత, ఇంకా ఎన్నిసార్లు రావాలి అని ముందే అడగండి. మంచి డాక్టరు చెప్పడానికి వెనుకాడరు. గోడ మీద రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదైన పత్రము ఉందా అని చూడండి. కుక్కపిల్లలు అమ్మే షాపువారు తామే సూదులు వేసే చోట్లు కొన్ని ఉన్నాయి. వారి దగ్గర టీకా వేయించడము మేము ఒప్పుకోము. టీకా ఎన్నాళ్ళదో, ఎంత చల్లదనములో ఉందో అడిగినా జవాబు దొరకదు.

పెద్ద ఆపరేషనులకు కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల, 1998లో వచ్చిన గన్నవరము కళాశాల, హైదరాబాదు రాజేంద్రనగర్ కళాశాల మన వారు ఎక్కువగా ఎరిగినవి. అధ్యాపకుల కనుసన్నలలో విద్యార్థులు వైద్యము చేస్తారు. ఖర్చు ప్రైవేటు కంటే తక్కువ, ఎదురుచూపు ఎక్కువ, ఉదయమే చేరుకోవాలి. కాలు విరిగినా, కాన్పు కష్టమైనా, గడ్డ లేచినా అక్కడికి పోవడము మంచిది. వీధిలో తిరిగే కుక్కలకు మర్మాంగము దగ్గర పువ్వువంటి గడ్డ లేచి రక్తము కారే జబ్బు ఒకటి ఉంది. కుక్క నుండి కుక్కకు అంటుకుంటుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని వారానికి ఒకటి చొప్పున కొన్ని సూదులతో చాలావరకు నయమవుతుంది. ఇది తెలియక కుక్కను ఊరవతల వదిలి వచ్చినవారు ఉన్నారు. జిల్లా కేంద్రములోని ప్రభుత్వ పాలీక్లినిక్కులో కూడా ముందు విచారించండి. దూర ప్రయాణము తప్పవచ్చు.

మందుల షాపు ఆసుపత్రి కాదు

పిల్లికి జ్వరమని పారాసెటమాల్ బిళ్ళలో సగము విరిచి పాలలో కలిపి పోసే తల్లులు ఉన్నారు. మనుషులకు మేలు చేసే ఆ బిళ్ళ పిల్లికి విషము. దాని రక్తము ప్రాణవాయువును మోయలేక, నాలుక నీలి రంగుకు తిరిగి చనిపోతుంది. మనము మోకాళ్ళ నొప్పులకు వాడే బిళ్ళలు కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తము కక్కిస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. గేదెలకు గోమార్ల కోసము పూసే మందును అదే పాళ్ళలో కుక్కకు పూయడమూ ప్రమాదమే. పిల్లికైతే అసలే పూయకూడదు.

రేబిస్ విషయములో

ఇంతవరకు చెప్పినది కుక్క ప్రాణము సంగతి. ఇది మన బిడ్డల ప్రాణము సంగతి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడము దాదాపు లేనే లేదు. కాని ముందే టీకా వేస్తే పూర్తిగా ఆపగలిగిన జబ్బు ఇది. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, నెల తరువాత రెండవది, ఆ పైన ఏడాదికొకటి. పిల్లికి కూడా వేయించాలి.

పిచ్చికుక్క అంటే నురగలు కక్కుతూ వెంటబడేదని మన ఊహ. అలా కాకుండా మూలన నక్కి, దవడ జారి, చొంగ కారుస్తూ, నీళ్ళు మింగలేక ఉండే కుక్క కూడా ఉంటుంది. "గొంతులో ఎముక ఇరుక్కుంది" అని ఇంటి యజమాని నోట్లో చెయ్యి పెట్టి వెదుకుతాడు. ఎన్నడూ అలా చేయకండి. దానిని ఒకచోట మూసి ఉంచి డాక్టరు గారికి కబురు చేయండి. చిన్న పిల్ల కదా అని కూడా అనుకోవద్దు, కుక్కపిల్లకూ రేబిస్ రాగలదు.

బిడ్డను కరిచినా, గోరుతో గీరి రక్తము వచ్చినా, పుండును నాకినా వెంటనే కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారము, సున్నము, కాఫీపొడి, పసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితము. చర్మములోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. లోతైన గాయానికి, ముఖము మీద కాటుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గాయములోనే వేయాలి. దానికి పెద్దాసుపత్రికి పంపితే ఆలస్యము చేయవద్దు. కరిచింది మన కుక్కే, దానికి టీకా ఉంది అని ఇంట్లో కూర్చోవద్దు. కార్డు పట్టుకొని పోయి చూపించండి, డాక్టరు గారు నిర్ణయిస్తారు. కరిచిన కుక్కను కొట్టి చంపకండి. పది రోజులు కట్టివేసి చూడాలి. టీకా వేయించిన తేదీ, మందు పేరు, డాక్టరు గారి సంతకము ఉన్న ఆ కార్డును మన బిడ్డల టీకా కార్డులు ఉన్న సంచిలోనే దాచుకోండి. వెదకవలసిన రోజున కంగారు ఉండదు.

ఖర్చు భరించలేని కుటుంబాలకు జూలై 6 గుర్తుండాలి. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్ ఆధ్వర్యములో, కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలునికి రేబిస్ టీకా మొదలుపెట్టారు. దానికి గుర్తుగా ఆ రోజున మన రెండు తెలుగు రాష్ట్రాలలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేయడము ఆనవాయితీగా వస్తున్నది. వారము ముందే వెళ్ళి సమయము కనుక్కోండి. ఆనాడు వరుస పెద్దదిగా ఉంటుంది, ఎరుగని కుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మెడకు గట్టి తాడు, సూది వేసే క్షణములో మూతికి చుట్టడానికి మెత్తని గుడ్డ పీలిక, ఒక సీసాలో నీళ్ళు వెంట ఉంచుకోండి. పిల్లినైతే మూత ఉన్న బుట్టలో తీసుకుపోండి. చిన్న బిడ్డలను ఇంటి దగ్గరే ఉంచి, కుక్క మాట వినే పెద్దవారు ఎవరో ఒకరు పోతే మంచిది.